మాట్లాడే హక్కు లేని కుర్చీ

వాలీబాల్ నిబంధనల్లో అసిస్టెంట్ కోచ్ గురించి ఉన్నది చాలా తక్కువ. బెంచీ మీద కూర్చోవచ్చు, ఆట జరుగుతుండగా జోక్యం చేసుకోకూడదు. లేచి గీత పక్కన నడుస్తూ పిల్లలకు చెప్పే అధికారం కోచ్ ఒక్కరిదే. ముందు మహబూబాబాద్‌లో, తర్వాత జనగామలో, ఆడపిల్లల డిగ్రీ కాలేజీల్లో నేను చేసిన ఉద్యోగం ఇదే. నెట్ కట్టడం, బంతులకు గాలి కొట్టడం, ఊళ్లకు వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించి పిల్లలను టోర్నమెంట్లకు తీసుకురావడం, మడమ బెణికితే ఐసు పెట్టడం నా పని. ఆట మొదలయ్యాక నోరు మూసుకుని కూర్చోవడమూ నా పనే. అది నా స్వభావానికి సరిపోయింది.

జనగామలో కోచ్ ఒక మేడం. చిల్పూర్ దగ్గరి ఊరామె. ఆమె గొంతు రోడ్డు మీదికి వినిపించేది. “ఏందే, బాల్ వస్తుంటె పెండ్లిసూపులకు కూసున్నట్టు తల దించుకున్నవ్?” అని అరిస్తే రోడ్డు మీద పోయే అబ్బాయిలు కూడా నవ్వేవారు. ఆట అయ్యాక ఆ తిట్టిన పిల్లకే తన టిఫిన్ డబ్బా ఇచ్చేది.

ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఊపిరి కోసం మెడ ముందు ఒక రంధ్రం ఉంచారు. ఎండాకాలం సెలవుల తర్వాత ఆమె మెడకు పలుచని నూలు గుడ్డ కట్టుకుని గ్రౌండుకు వచ్చింది. విజిల్ కూడా ఊదలేదు, నోట్లోకి గాలి రాదు. ప్రిన్సిపాల్ ఆమెను లైబ్రరీలో కూర్చోమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. భూపాలపల్లిలో కాలేజీల టోర్నమెంట్ దాకా చూద్దామని, టీం సరిగా నడవకపోతే లైబ్రరీయేనని ఆయన గడువు పెట్టాడు. ఎక్కడ కూర్చున్నా జీతం అదే. ఆమెకు కావలసింది ఆ గీత పక్కన నిలబడటం.

ప్రాక్టీసులో ఒక పద్ధతి కుదిరింది. ఆమె పెదవులు కదిపేది, నేను చూసి గట్టిగా చెప్పేదాన్ని. మొదట్లో తిట్లు వదిలేసి విషయం మాత్రమే చెప్పేదాన్ని. అంతా చెప్పమని ఆమె నా భుజం మీద చరిచేది. మా కెప్టెన్ రఘునాథపల్లి దగ్గరి తండా పిల్ల. టీంలో లిఫ్టర్ కూడా తనే, స్మాష్ కొట్టేవాళ్లకు బంతి లేపి ఇస్తుంది. నేను తిడుతుంటే ఆ పిల్లకు నవ్వు ఆగేది కాదు.

“అక్కా, నువ్వు తిడితె దండం పెట్టినట్టుంటది. మేడం, జర ఈమెకు తిట్టుడు నేర్పుండ్రి.”

మేడం నవ్వేది. శబ్దం ఉండదు, భుజాలు మాత్రం కదిలేవి. వెంటనే దగ్గు వచ్చేది. అప్పుడు ఆమె మాకు వీపు చూపించి నిలబడేది.

మ్యాచ్‌లో ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట మేం ఎత్తలేదు.

భూపాలపల్లి గ్రౌండు పక్కన బొగ్గు లారీలు పోయే రోడ్డు ఉంది. లారీ పోయి దుమ్ము లేచినప్పుడల్లా ఆమె మెడ గుడ్డను అరచేత్తో అదిమి పట్టుకునేది. మొదటి మ్యాచ్‌లలో ఎవరూ ఏమీ అనలేదు. ఫైనల్లో రెండు సెట్లు అయ్యేసరికి సమానంగా ఉన్నాం. మూడో సెట్ మొదట్లోనే అవతలి కోచ్ లేచాడు.

“సార్, గీ బొమ్మను నిలవెట్టి ఎనుక నుంచి ఇంకొకామె ఆడిపిస్తున్నది. గిదేం రూలు?”

“మేడంకు పానం బాగలేదు సార్. మాట రాదు,” అంది మా కెప్టెన్.

“బాగలేకుంటె ఇంటికాడ ఉండాలె. గ్రౌండుకెందుకు?”

రెఫరీ నెమ్మదస్తుడు. స్టాండు దిగి మా బెంచీ దగ్గరికి వచ్చాడు. “మేడం, ఆయన జెప్పింది రూలే. మీరు ఉండంగ అసిస్టెంట్ మాట్లాడొద్దు. మీరు బయటికి పోతె, కెప్టెన్ వచ్చి అడిగితె, ఈమెను కోచ్‌గా ఒప్పుకుంట. ఇంక నా చేతుల ఏం లేదు.”

నేను కూర్చున్నాను. మేడం చప్పట్లు కొట్టింది. జనం గోలలో అవి కోర్టులోకి చేరలేదు. పిల్లలు బంతిని చూడకుండా ఆమె పెదవులను చూస్తున్నారు. పాయింట్లు పోతున్నాయి. ఆమె చేతులతో సైగ చేసి టైమవుట్ తీసుకుంది. కెప్టెన్‌ను భుజాలు పట్టుకుని రెఫరీ వైపు తిప్పింది.

“నేను అడుగ మేడం. ఓడిపోతె ఓడిపోతం.”

మేడం పెదవులు కదిలాయి. కెప్టెన్ నా వైపు చూసింది. “ఏమంటున్నదక్కా?”

“ఓడిపోనీకి గింత దూరం వచ్చినమా, పో, అంటున్నది,” అన్నాను.

కెప్టెన్ జెర్సీతో ముఖం తుడుచుకుని రెఫరీ దగ్గరికి వెళ్లింది. మేడం నీళ్ల సీసా తీసుకుని కోర్టు చుట్టూ కట్టిన తాడు దాటి జనంలోకి పోయింది. ముందు ఎవరో పొడుగాటి మనిషి అడ్డం ఉంటే మునివేళ్ల మీద నిలబడటం కనిపించింది. నేను లేచాను. ఏం చెప్పానో గుర్తులేదు. మేం గెలిచాం.

మరుసటి వారం ప్రిన్సిపాల్ నన్ను కోచ్‌ను చేశాడు. అసిస్టెంట్ పోస్టు తీసేశాడు. మేడంను లైబ్రరీకి పంపాడు. “ఆమె లేకుండనే గెలిచిన్రు కద,” అన్నాడు. ఆ మాటలో ద్వేషమేమీ లేదు. నేను వాదించాను. ఆయన ఓపికగా విని, ఆమె ఆరోగ్యానికి కూడా అదే మంచిదన్నాడు. లైబ్రరీ కిటికీలు గ్రౌండు వైపు ఉండవు. ఆమె కొన్ని వారాలు వచ్చింది, తర్వాత రాలేదు. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. చివరి రోజుల్లో ఆమె పెదవులు నాకూ అర్థం కాలేదు. ఆమె భర్త చూసి చెప్పేవాడు.

చలికాలంలో పోయింది. పిల్లలందరూ వాళ్ల ఊరికి వచ్చారు. శవాన్ని లేపిన తర్వాత కెప్టెన్ నా పక్కకు వచ్చి నిలబడింది.

“అక్కా, నేను అడుగకపోతె మేడం గ్రౌండు మీదనే ఉంటుండె కద.”

“ఆమెనే పొమ్మన్నది కదా నిన్ను.”

“నువ్వు జెప్పినవక్కా. నాకు ఆమె పెదవులు సమజ్ కాలే.”

తప్పు పట్టడానికి అనలేదు. ఉన్నదే చెప్పింది. ఆ రోజు నేను చెప్పింది మేడం మాటే. నేను కాక ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషిని అప్పుడే వాకిట్లో నుంచి తీసుకుపోయారు.