ఉట్నూర్ గుంతల్లో మా టచ్‌స్క్రీన్

విమానం ఊగుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. పైలట్ ముందుండే టచ్‌స్క్రీన్ మీద ఏ బటన్ ఎక్కడుండాలో గీయడం నా పని. వేలు పెట్టి వేలు సంపాదించే ఉద్యోగం. రెండేళ్లుగా కదలని కుర్చీలో కూర్చునే గీశాను. ఆ తెరను పరీక్షించే రిటైర్డ్ పైలట్ చూసి, అందరి ముందూ నవ్వాడు.

"క్యాంటీన్‌లో చాయ్ చెప్పడానికి పనికొస్తుంది తమ్ముడూ. మేఘంలో కుదిపేస్తే ఎవరి వేలు ఎక్కడ పడుతుంది? పది రోజుల్లో కుదిపే కుర్చీలో పరీక్ష. తప్పిందా, నీ తెర తీసేసి పాత తిప్పుడు బటన్లే పెట్టిస్తా."

ఆ కుర్చీ అప్పటిదాకా నాకు దొరకదు. దిగులుగా లక్సెట్టిపేటలోని ఇంటికి వచ్చేసరికి, మా అక్క మొగుడు జీపులో ఉట్నూర్ వెళ్తున్నాడు. గంతేశాను! ఆ గుంతల దారికి మించిన మేఘం ఏముంటుంది? నా బటన్లు గీసి ఉన్న ట్యాబ్లెట్‌ను స్టీరింగ్ పక్కన తాడుతో కట్టి, బాపును, అంటే మా నాన్నను, వెనక ఎక్కించుకుని బయల్దేరాం.

మొదటి గుంతకు, విమానం ఎత్తు మార్చబోయి రేడియో మార్చాను. రెండో గుంతకు ముక్కుతో ఏదో నొక్కాను.

"ఏం బామ్మర్ది, నీ ఇమానం ఎక్కెటోళ్లు ముందుగాల్నే మొక్కు మొక్కుకోవాల్నా?" అన్నాడు బావ.

బొగ్గుబాయిలోకి మనుషుల్ని దించే ఇంజను ముప్పై ఏళ్లు నడిపిన బాపు ముందుకు వంగాడు.

"వేలునొక్కదాన్నే తోలుతున్నవేందిరా? చెయ్యి గాలిల ఉన్నది. ముందుగాల చెయ్యి ఆనాలె, గప్పుడు వేలు నీ మాట ఇంటది."

జీపు ఆపించాను. అందులో పడి ఉన్న వెదురు బద్దను తెర కింద కట్టాను, అరచేయి ఆనడానికి. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, బటన్లన్నీ ఆ బద్ద ఉన్న అంచు దగ్గరికి దించాను. మళ్లీ గుంత. వేలు సరిగ్గా పడింది! ఇంకోటి. పడింది!

"బావా, గా పెద్ద గుంతల దించు!"

"గుంత తప్పియ్యుమనెటోళ్లనే సూసిన గని, గిసొంటోన్ని సూడలే!"

పదో రోజు ఆ పైలట్ కుదిపే కుర్చీలో కూర్చుని, కింద అరచేయి ఆనే పట్టీ పెట్టిన నా తెర మీద బటన్లన్నీ నొక్కాడు. ఒక్కటీ తప్పలేదు. తెర నిలిచింది.

"ఏ యంత్రం మీద సాధన చేశావయ్యా?"

"రండి సార్, చూపిస్తా."

వచ్చాడు పాపం. బావ జీపులో ముందు సీటు ఇచ్చాం. గతుకులు మొదలవగానే, "సార్, క్షేమంగా చేరుతున్నామని ఫోన్లో ఆఫీసు గ్రూపుకి ఒక్క ముక్క రాయండి" అన్నాను వినయంగా. ఆయన రాసిన ఆ ముక్క ఏ భాషో ఇంతవరకూ తేలలేదు. చెరిపేద్దామనుకున్నాడు గానీ, వేలు ఆ చెరిపే బటన్ మీద పడితేగా!

నేను మాత్రం అందరికంటే ముందు ఆ ముక్కకు పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టాను.