పగిలినా రాలని కప్పు

గాంగ్వన్ కొండల్లో మేం రైలు సొరంగం తవ్వుతున్న రోజులవి. తవ్విన చోటల్లా కప్పుకు గొట్టంతో కాంక్రీటు చిమ్మే పని మా దొక్సు అన్న చేసేవాడు. అందులో వేలెడు పొడవు కూడా లేని ఉక్కు తీగముక్కలు కలిపేవారు. అవి చేతికి గుచ్చుకున్నప్పుడల్లా, "ఈ వెంట్రుకలేనా కొండను ఆపేది?" అని విసుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం సరిగ్గా అతని నెత్తిమీదే కప్పు ఫెళ్లుమంది. కాంక్రీటు అడ్డంగా పగిలి, తలుపంత పెచ్చు కిందికి జారింది.

"అన్నా, పరిగెత్తు!" అని అరిచాను. అతను పైకి చూస్తూ అక్కడే నిలబడ్డాడు. నడుం పట్టుకుని బయటికి ఈడ్చాను. పెచ్చు మాత్రం పడలేదు, అలాగే వేలాడింది.

కింద ఉక్కు దూలాలు నిలబెట్టాక లైటు వేసి చూశాం. పగులు పొడవునా ఆ తీగముక్కలే, ఒక కొసతో ఇటు, మరో కొసతో అటు కరుచుకుని ఉన్నాయి. కొన్ని సగందాకా ఊడొచ్చినా పట్టు వదల్లేదు.

"ఇది నేను చిమ్మిందేనా?" అన్నాడు దొక్సు.

"కాకపోతే మీ తాత చిమ్మాడా?" అన్నాను నవ్వించాలని.

నవ్వలేదు. ఆ సాయంత్రం సూప్ గిన్నె ముట్టకుండా పక్కకు జరిపాడు. ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, మాట్లాడవేం?" అని భార్య అడుగుతూనే ఉంది. అతను వింటూ ఏడుస్తున్నాడు.