నోటుబుక్కు మార్జిన్లో అమ్మ పేరు

మా చిన్నప్పుడు... ఎనభైల్లో, నూజివీడులో ఏడో తరగతి. ఇంగ్లీషు టీచరుగారు బోర్డు మీద నాలుగు గడులు గీశారు. సర్‌నేమ్, నిక్‌నేమ్, పెట్‌నేమ్, మెయిడెన్ నేమ్. ఇంట్లో ఒకరి పేర్లు వాటిలో నింపుకు రమ్మన్నారు. చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు అంటూ మామిడికాయల పేర్లయితే గడగడా చెప్పేదాన్ని... మనిషికీ ఇన్నుంటాయని అప్పుడే తెలిసింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ మాగాయకి కాయలు తరుగుతోంది. పక్కనే చతికిలబడి అడగడం మొదలుపెట్టాను. పుట్టింటి ఇంటిపేరు చెప్పింది. చెప్పి, కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"అసలు నా పేరే వేరే ఉందే. అనసూయ."

"అది నాయనమ్మ పేరు కదా!"

"నాదీ అదే. ఆ పేరుతో కోడల్ని కసిరితే అత్తగారిని కసిరినట్టుంటుందని, కాపురానికొచ్చిన రోజే పద్మావతి అని మార్చారు. మా నాన్న పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేరు."

తొక్కలు ఏరుతూ మామూలుగానే చెప్పింది. ఆ పేరు ఏ గడిలో రాయాలో తెలియక మార్జిన్లో రాశాను.

"ఏదీ, ఒకసారి పైకి చదువు," అంది అమ్మ.

వసారాలో నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడంటే ఇంటిల్లిపాదికీ హడల్.

"నాయనమ్మ వింటుందమ్మా..."

"సర్లే, పోయి కాళ్ళు కడుక్కో," అంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

కొన్నేళ్ళకి నాయనమ్మ పోయింది. ఆ తర్వాతైనా చదివి వినిపించొచ్చు. గుర్తుండీ చేయలేదు. అమ్మని పేరు పెట్టి పిలవడమేంటి అనుకున్నాను.

పోయిన వేసవిలో అమ్మ పోయింది. పెద్దకర్మ కార్డులకి ప్రెస్సుకెళ్తే, "పేరు చెప్పండమ్మా" అన్నాడతను. పద్మావతి అని చెప్పేశాను. ఏడుపు రాలేదు... ఏమీ అనిపించలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను.

మొన్న వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు "అనసూయ" అని గట్టిగా అన్నాను. వింటుందని భయపడాల్సిన మనిషి లేదు. వినాలని అడిగిన మనిషీ లేదు. పొయ్యి కట్టేసి వచ్చి కూర్చున్నాను.

ఇప్పటి అమ్మాయిలు ఎవరి పేరు వాళ్ళే ఉంచుకుంటున్నారు, మంచిదే. మీ ఇళ్ళల్లోనూ ఇలా పేరు మారిన అమ్మలుంటే, వాళ్ళ అసలు పేరు ఈ కింద కామెంట్లలో రాయండి...

ఆవిడ ఇంకా ఉంటే మాత్రం, ముందు ఆవిడకి పైకి చదివి వినిపించండి.