రత్నమ్మ పలకని మాట

పావగడ దగ్గర క్యాతగానచెర్లు అనే ఊరి పొలాలను సోలార్ పలకలు కప్పేసిన మరుసటి ఏడాది. ఒక దినపత్రికకు పావగడ విలేఖరిగా ఉన్నాను. బస్టాండు దగ్గరున్న నా గదికి ఆ ఊరి నరసింహప్ప వచ్చాడు. నేవీలో, డీజిల్-ఎలక్ట్రిక్ సబ్‌మెరైన్‌లో బ్యాటరీలు చూసే ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి.

"నా సబ్‌మెరైన్‌ను సర్వీసు నుంచి తీసేసినారప్పా. పేపర్లో రెండు ముక్కలు రాయల్ల."

"ఈడ తాగేదానికే నీళ్లు లేవు, సబ్‌మెరైన్ సంగతి ఎవురు సదువుతారన్నా?" అని నవ్వాను.

"ఎవురూ వద్దు. మా రత్నమ్మ సదివితే సాలు."

రత్నమ్మ ఆయన భార్య. మతిమరుపు ముదిరి, పక్కనే కూర్చున్న మొగుణ్ని గుర్తుపట్టదు. ఆయన ఇంకా సముద్రంలోనే ఉన్నాడనుకుంటుంది. ఎప్పుడొస్తాడని అడిగి అడిగి, అన్నం ముట్టడం మానేసింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎక్కడున్నాడో ఇంటికి చెప్పే వీలుండేది కాదు. ఆమెకు పేపరే ఆధారం. అందులో చెడ్డ వార్త లేకుంటే ఆయన బతికున్నట్టు. మా వైపు సాయంత్రమైతే 'పొద్దు మునిగింది' అంటాం. ఆమె మాత్రం 'మునిగింది' అన్న మాట ఏనాడూ పలకలేదట. 'పొద్దు పోయింది' అనేది.

"ఒడ్డుకొచ్చినాడని పేపర్లో ఉంటే నమ్ముతాది. నేను సెప్తే నమ్మదు" అన్నాడు.

వివరాలు అడిగాను. డీజిల్ ఇంజనుకు గాలి కావాలి. అందుకని సబ్‌మెరైన్ నీటి అంచు దాకా వచ్చి, స్నార్కెల్ అనే గొట్టాన్ని పైకెత్తి, ఇంజను నడిపి బ్యాటరీలు నింపుకుంటుంది. ఆపైన లోతుకు దిగి, ఆ కరెంటుతోనే చప్పుడు లేకుండా తిరుగుతుంది.

"యుద్ధం సేసినాదా?"

"లేదప్పా. కాపలా కాసినాది, ముసలిదైనాది. మునిగినన్ని సార్లూ పైకి లేసినాది. అదే దాని చరిత్ర. అట్లే రాయి."

అట్లే రాశాను. 'అందరూ క్షేమంగా ఒడ్డుకు చేరారు' అని ముగించాను. కానీ శీర్షికలు పెట్టేది డెస్కు, అంటే ఆఫీసులో కూర్చుని మా వార్తలు దిద్దేవాళ్లు. మరునాడు పెద్ద అక్షరాల్లో వచ్చింది: 'కాలగర్భంలో మునిగిన సబ్‌మెరైన్'.

నేను వాళ్లింటికి చేరేసరికే రత్నమ్మ శీర్షిక చదివేసింది. కిందిది చదవలేదు. గాజులు తీసి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. "నేనే రత్నా, ఈడే ఉండాను సూడు" అని నరసింహప్ప చేతులు పట్టుకుంటే విడిపించుకుంది. కాసేపటికి ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"నువ్వు ఆయప్పతో పనిచేసినోడివా?"

ఆయన నా వైపు చూశాడు. తర్వాత, "అవునమ్మా" అన్నాడు.

"ఆయప్పకు ఆడ అన్నం సరిగా పెట్టేవాళ్లా?"

పత్రిక సవరణ వేసింది. ఆమె దాన్ని చూడనే లేదు. అప్పటి నుంచి ప్రతి వార్తకూ శీర్షిక నేనే రాసి పంపుతున్నాను. అది ఎవరింట్లో పడుతుందో తెలిసేది ఇక్కడున్న నాకే.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్లాను. నరసింహప్ప పరామర్శకు వచ్చినవాడిలా గడప దగ్గర కూర్చుని సబ్‌మెరైన్ కథ చెబుతున్నాడు. రోజూ ఇదే వరసట. ఆమె వింటూ నాలుగు ముద్దలు తింటోంది. అవతల సోలార్ పలకల మీద వెలుగు తగ్గింది. ఆమె బయటికి చూసి, ఆయనతో మెల్లగా అంది:

"పొద్దు మునిగింది. మీ ఇంట్లో నీ కోసం సూస్తుంటారు. పో నాయనా."