వామన్‌రావు సార్ దిద్దని ఫారం

గణాంకాల ఆఫీసుల వామన్‌రావు సార్ పని మా తప్పులు పట్టుడు. మేం ఇల్లిల్లు తిరిగి రాసుకొచ్చిన ఖర్చుల ఫారాలు సంచిల వెట్టుకొని మళ్లా అవే ఇండ్లకు పోతుండె, బియ్యం డబ్బా మూత తీసి చూస్తుండె. తేడా ఉంటే ఎర్ర పెన్సిల్‌తోని కొట్టేస్తుండె. ఇరవై ఏండ్లల్ల ఒక్కరిని నమ్మలే. ఆయన పేరు వింటెనే నాకు ఒళ్లు మండుతుండె.

పంతొమ్మిది వందల అరవైనాలుగు వానకాలం. ఆ బురదల ఎవలు తిరుగుతరు? ఆఫీసు పన్నెండు ఇంటి నంబర్లిచ్చింది, అన్నీ నాంపల్లి గల్లీలయే. ఆబిడ్స్‌ల ఒక హోటల్ల కూసొని, చాయ్ తాగుకుంట, నా మనసుకొచ్చినట్టు ఫారాలు నింపిన. ఒక ఇంట్ల గుడ్డి ముసలమ్మ ఉన్నదని రాసిన. ఇంకో ఇంట్ల ఈ నెలనే పసిపాప చచ్చిపోయిందని రాసిన.

నాలుగు రోజులకు సార్ నా టేబుల్ కాడికి వచ్చిండు. జేబుల ఎర్ర పెన్సిల్ మొన అరగనే లేదు.

"పదకొండు ఇండ్లు చూసిన. ఒక్క తప్పు లేదు. ఆ పాప బట్టలు ఇంకా దండెం మీదనే ఉన్నయి."

"సార్, నేను ఏ ఇంటికీ పోలే. అన్నీ ఉత్తగనే రాసిన."

సార్ పన్నెండో ఫారం నా ముంగట పెట్టిండు. ఆ నంబరు ఆయన ఇంటిదేనని నాకేం తెల్సు? మనుషులు ముగ్గురు అని నా చేతిరాత.

"ఇయ్యాల్టికైతే మేం నలుగురం," అన్నడు.

ఎర్ర పెన్సిల్ జేబులనే ఉన్నది. దాన్ని ముట్టుకోలే. నా కలం తీసి నా చేతిలనే పెట్టిండు.

"జర నువ్వే నాలుగు అని రాయి, బిడ్డా."