పేజీ తిప్పే చెల్లెలు

ఏళ్ళ తరబడి ఆమెకు రెండే చోట్లు. పగలు వచ్చినవాళ్ళ చూపు పరీక్షించే కళ్ళజోళ్ళ కొట్టు, సాయంత్రం అన్న వయొలిన్ కచేరీలో వదిన పియానో పక్కనున్న చిన్న కుర్చీ. వదిన వాయిస్తూ తల ఊపగానే లేచి నొటేషన్ పుస్తకంలో పేజీ తిప్పడం ఆమె పని. "మా చెల్లెలు ఊరందరికీ కళ్ళు పెడుతుంది, నాకు మాత్రం కాగితాలు తిప్పుతుంది" అని అన్న వచ్చినవాళ్ళందరి దగ్గరా వేళాకోళం చేసేవాడు.

అలాంటి మనిషికి చూపు మధ్యలో మసక పడింది. పక్కలు తేటగానే ఉండేవి; సూటిగా చూసినచోటే పొగ. పోయింది ఇక రాదన్నాడు డాక్టరు. సంగతి బయటపడితే కొట్టూ పోతుంది, ఆ కుర్చీ పోతుంది, ఇంట్లో ఓ మూల కూర్చోబెట్టి కంచం చేతికందిస్తారు. అందుకని కొట్టులో చూపు పరీక్షకని గోడకు తగిలించిన అక్షరాల అట్టను పై నుంచి కింది దాకా బట్టీ పట్టింది. పేజీ ఎక్కడ తిప్పాలో బాణీ విని పోల్చుకుంటూ కచేరీల్ని చెవితో నెట్టుకొచ్చింది.

ఆ ఏడు అన్న మూడొందల ఏళ్ళ కిందటి యూరప్‌ది, బరోక్ కాలపు నాట్య సంగీతమొకటి ఎత్తుకున్నాడు. ఎప్పుడో జనం అడుగులు వేసిన సాదా బాణీ అది. తర్వాతెవరో వయొలిన్ ఘనుడు దాన్ని చెయ్యి తిరిగినవాళ్ళకే లొంగేలా తిరగరాశాడు. ప్రతి భాగం రెండుసార్లు: మొదట సాదాగా, తర్వాత రెండేసి తీగల మీద ఒకేసారి, కమాను ఎగిరెగిరి పడేలా. పియానోకి రెండుసార్లూ అదే పేజీ. రెండోది అయ్యాకే తిప్పాలి. రెండోది ఎప్పుడు అయిందో చెవికే తెలుస్తుంది; ఆమెకు అంతకన్నా ఏం కావాలి?

కచేరీ నాడు మూడో భాగం సాదాగా ముగిసింది. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆమె రెండోదాని కోసం చూస్తోంది. వేలు పట్టేసిందో, ధైర్యం చాలలేదో, అన్న దాన్ని వదిలేసి నాలుగో భాగంలోకి దూకాడు. వదిన తల ఊపింది. మళ్ళీ ఊపింది. ఆమెకు పొగ తప్ప ఏమీ కనబడలేదు. కొత్త బాణీ చెవిన పడి లేచేలోపే వదిన వాయించడం ఆపి తనే పేజీ లాగింది. అంతసేపూ వయొలిన్ ఒంటరిగా వేలాడింది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు.

మర్నాడు యజమాని రాకముందే అన్న కొట్టుకు వచ్చాడు. కళ్ళు చూపించుకోవడానికేమో అనుకుని కూర్చోమంది. ఆయన గోడ దగ్గర కాసేపు తచ్చాడి, వచ్చి కూర్చున్నాడు.

"ముందు నువ్వు చదువు చెల్లాయ్. అట్ట మీద చివరి వరుస."

ఆ అట్ట ఆమెకు కంఠతా వచ్చు. గోడకేసి తిరిగి, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ, తడుముకోకుండా చదివేసింది. నిన్న కాస్త కునుకు పట్టింది, అంతేనని నవ్వబోయింది.

అన్న నవ్వలేదు. ఆయన ఒళ్ళో ఏదో కిర్రుమంది.

"అట్ట నా దగ్గరుంది, అమ్మడూ."

ఆమె మెల్లగా తల పక్కకు తిప్పింది. చూపు అంచున, తెల్లటి గోడ మీద, మేకు ఒక్కటే ఉంది.