మూలం మీద ఘాతం

మా మేనకోడలి డెమో క్లాసు సంగతిని మా బావ, అంటే ఆమె తండ్రి, పెళ్ళిళ్ళలోను పూండి స్టేషను బెంచీల మీదను తనకు తోచినట్లు చెప్పుకుంటూ వస్తున్నాడు. చెప్పిన ప్రతిసారీ అందులో నా పాత్ర మరికొంత హాస్యాస్పదమవుతోంది. జరిగినది జరిగిన వరుసలో ఒకచోట ఉండటం అవసరమని ఇది రాస్తున్నాను.

టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపక ఉద్యోగానికి ఆమె దరఖాస్తు చేసింది. అంతకుముందు రెండు చోట్ల డెమో క్లాసులోనే కాదన్నారు. పాఠం చెప్పడం లేదు, అప్పజెబుతోందన్నారట. ఈసారి కూడా పోతే విశాఖలో ఏదో కంపెనీ పని చూసుకుంటానని, ఇక బోధన మాట ఎత్తనని చెప్పింది. ఇచ్చిన అంశం: సి అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలను, అంటే అంకెలనూ ఘాతాన్నీ విడివిడిగా దాచే సంఖ్యలను, రాడిక్స్ ఘాతాలతో హెచ్చించడం. కంప్యూటరు ఏ సంఖ్య లెక్కన అంకెలు పేర్చుకుంటుందో దానినే రాడిక్స్ అంటారు.

గణిత అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ముందు రోజు కవిటిలో వాళ్ళ అరుగు మీద సాధన చేయించే బాధ్యత నాపై పడింది. విద్యార్థి స్థానంలో మా బావను కూర్చోబెట్టాము. ఆయన కొబ్బరి రైతు. లెక్కలంటే భయం లేదు, గౌరవమూ లేదు.

మొదట నిర్వచనం, తరువాత ధర్మాలు, చివర ఉదాహరణ: ఇదీ నా క్రమం. లాటిన్‌లో రాడిక్స్ అంటే చెట్టు వేరు కాబట్టి తెలుగులో ‘మూలం’ అనాలని పట్టుబట్టాను. ఆమె నిటారుగా నిలబడి మొదలుపెట్టింది.

“స్కాల్‌బిఎన్ అనే ప్రమేయం, అంటే ఫంక్షను, ఇచ్చిన సంఖ్యను మూలం మీద ఘాతంతో హెచ్చిస్తుంది.”

“మూలం మీద ఘాతమా?” మా బావ సర్దుకుని కూర్చున్నాడు. “అదేటే, మూలశంకున్నోడికి అక్కడే దెబ్బేసినట్టుంది!”

ఆమె నవ్వాపుకోలేక సుద్దముక్క జారవిడిచింది. నేను కఠినంగా చూశాను. నా ఉద్యోగకాలమంతా ఆ చూపుకు తరగతులు నిశ్శబ్దమయ్యేవి. మా బావ కాలేదు.

“సర్లే బావా, కోపమొగ్గేయ్. ఒక కొబ్బరికాయుందనుకో. ఘాతం మూడంటే మూడు స్థానాలు జరపడం, వెయ్యి కాయిలు. అంతే గదేటి?”

“కాదు నాన్నా, ఎనిమిదే,” అంది ఆమె. “మనం పదితో లెక్కెడతాం. కంప్యూటరు రెండుతో లెక్కెడతాది. మూడుసార్లు రెట్టింపు సేత్తే ఎనిమిది.”

“మరి మిగతా తొమ్మిదొందల తొంబై రెండు కాయిలు ఎవుడట్టుకుపోనాడు?”

“ఎవుడూ పట్టుకుపోలేదు. లేని కాయిలు నువ్వే లెక్కెట్టినావు.”

మా బావ నా వైపు తిరిగాడు. “సూడు బావా, నీ పాఠం కంటే దీని తిట్టే నాకు బాగా బుర్రకెక్కింది.”

ఆ ఊపులో ఆమె లెక్కలో వెనక్కి కూడా నడిచింది. ఘాతం ఋణమైతే సగం, పావు, అరపావు. సంఖ్యలోని అంకెలు అలాగే ఉంటాయి, పక్కన దాచిన ఘాతం ఒక్కటే మారుతుంది. అది అప్పజెబుతున్న గొంతు కాదు. రేపు కాయతోనే మొదలెట్టమన్నాడు తండ్రి. నిర్వచనంతో అన్నాను నేను. ఇద్దరికీ జవాబివ్వకుండా లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది.

మర్నాడు కళాశాలలో ఆ గది తలుపు బయట కూర్చున్నాను. లోపల ఆమె కొబ్బరికాయతోనే మొదలుపెట్టింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో పరీక్షకుడొకరు, “రెండుకు ఘాతం విడిగా కట్టి గుణిస్తే సరిపోయేదానికి ఈ ప్రమేయం ఎందుకమ్మా?” అన్నారు.

“అసలు జవాబు యంత్రంలో పట్టేదే అయినా, విడిగా కట్టిన ఆ ఘాతం పట్టకపోవచ్చు సార్. పైగా మూలం...” ఆమె ఆగింది. నవ్వు తన్నుకొస్తోందని నాకు బయటికే తెలిసింది. “...అంటే ఆధారం, అన్ని యంత్రాల్లోనూ రెండే కానక్కర్లేదు. ఏ యంత్రానికి ఏదుంటే దానితోనే ఇది హెచ్చిస్తుంది.”

తరువాత ఆయనే, “ఎప్పటినుంచి రాగలరు?” అన్నారు.

తిరుగుదారిలో ఆటోలో, “మావయ్యా, ఆఖర్న నిర్వచనం కూడా సెప్పేను గదా,” అని ఆమె నన్ను ఓదార్చింది. చెప్పింది, నిజమే.

సి భాషను నేను పదవీ విరమణ తరువాత పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. పైన రాసినదానిలో పొరపాట్లుంటే తెలిసినవారు తెలియజేయగలరు. కవిటి వైపు ఉద్దానం మాటను పట్టి రాయడంలో నా చెవి పొరబడి ఉంటే, ఆ ప్రాంతపు పాఠకులు మొహమాటపడకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను.